పొద్దున్న షటిల్, రాత్రి వీడియో గేమ్: ఉద్యోగం చేస్తూ రెండూ ఆడుకోవడం ఎలా

మాది కాకినాడ. పొద్దున్న ఆరింటికి అపార్ట్‌మెంట్ వెనక ఉన్న సిమెంటు జాగాలో షటిల్ ఆడతాను. రాత్రి పిల్లలు పడుకున్నాక లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి ఓ ముప్పావుగంట వీడియో గేమ్ ఆడతాను. ఏడేళ్ళుగా ఇదే వరస. టోర్నమెంట్లకి వెళ్ళేంత ఆట కాదు, ఆన్‌లైన్‌లో ర్యాంకుల కోసం పడే తాపత్రయమూ లేదు. ఆడుతుంటే బాగుంటుంది, అందుకే ఆడతాను.

ఇంట్లో పెద్దవాళ్ళు మొదటిదాన్ని మెచ్చుకుంటారు, రెండోదాన్ని చూసి ముఖం ముడుచుకుంటారు. నేను మాత్రం అడిగిన వాళ్ళందరికీ రెండూ ఆడమనే చెప్తాను. షటిల్ డబుల్స్‌లో మూడేళ్ళపాటు నాకు అంతుపట్టని ఒక సంగతి, కార్లతో ఫుట్‌బాల్ ఆడే రాకెట్ లీగ్ అనే వీడియో గేమ్ మొదలుపెట్టిన మొదటి నెలలో అర్థమైంది. అదేమిటో కింద చెప్తాను. ముందు మొదలుపెట్టడం ఎలాగో చూద్దాం.

1. ఆట ఎంతసేపట్లో తెగుతుందో చూసుకోండి

ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్ళు ఆటని ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. పదిహేను పాయింట్ల షటిల్ డబుల్స్ మా దగ్గర పది, పన్నెండు నిమిషాల్లో తేలిపోతుంది. రాకెట్ లీగ్ మ్యాచ్ గడియారం 5 నిమిషాలు, సమానమైతే ఇంకాస్త. స్టార్డ్యూ వ్యాలీ అని పొలం చేసుకునే గేమ్ ఒకటుంది, అందులో ఒక రోజు గడవడానికి మన గడియారంలో సుమారు 14 నిమిషాలు పడుతుంది. మన పాత్ర పడుకున్నప్పుడే గేమ్ సేవ్ అవుతుంది, కాబట్టి ఆపాల్సిన చోటు ఆటే చూపిస్తుంది. ఇలాంటివి ఎంచుకుంటే “మూడు మ్యాచ్‌లు ఆడి లేస్తాను” అని ఇంట్లో చెప్పిన మాట నిలబెట్టుకోవచ్చు. తుది మొదలు లేకుండా సాగే పెద్ద కథల గేమ్‌లు సంక్రాంతి సెలవులకి ఉంచుకోండి.

మొదటి రెండు నెలలు బయట ఒక ఆట, తెర మీద ఒక ఆట చాలు. మూడోది తెచ్చుకుంటే ఏదీ చేతికి అలవాటు కాదు.

2. మీ ఊరి గాలిని బట్టి బయటి ఆట

ఆరుబయట షటిల్ ఆడేవాళ్ళకి గాలే పెద్ద సమస్య. షటిల్ బరువు 5 గ్రాముల చుట్టూ ఉంటుంది, ఆకు కదిలే గాలి చాలు దాన్ని దారి తప్పించడానికి. కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది, అందుకని మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి లోపలికి తోసుకొస్తుంది, సాయంత్రం దాకా తగ్గదు. ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రం ఐదున్నరకి నెట్ కట్టి, గాలిని తిట్టుకుంటూ ఇంటికి వెళ్ళిపోయిన వాళ్ళని చాలామందిని చూశాను. తెల్లవారుజామున గాలి నెమ్మదిగా ఉంటుంది. మా ఆట ఆరింటికి రావడానికి కారణం అదే. మీరు లోపలి జిల్లాల్లో ఉంటే మీ వీధిలో గాలి ఎప్పుడు పడిపోతుందో వారం రోజులు గమనించి వేళ పెట్టుకోండి.

సాయంత్రమే కుదిరే వాళ్ళు షటిల్ మీదే పంతం పట్టక్కర్లేదు. బాల్ బ్యాడ్మింటన్‌కి పసుపు పచ్చటి ఉన్ని బంతి వాడతారు. అది షటిల్‌కి ఐదారు రెట్లు బరువు, గాలికి అంత తేలిగ్గా లొంగదు. తంజావూరులో పుట్టిన ఈ ఆట మన కోస్తా పల్లెల్లో బడి మైదానాల దాకా వచ్చిందంటే ఆరుబయటికి అంత బాగా నప్పడమే కారణం అనుకుంటాను. జట్టుకి ఐదుగురు, 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు జాగా కావాలి. అంత జాగా లేకపోతే రబ్బరు రింగుతో టెన్నికాయిట్ ఆడుకోండి. రింగు, నెట్టు తప్ప ఇంకేమీ కొనక్కర్లేదు, ఇంట్లో ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ కలిసే ఆట.

పిల్లలు ఎక్కువమంది ఉంటే ఏడు పెంకులాటని మించింది లేదు. ఏడు చదునైన పెంకులు దొంతిగా పేర్చి, పాత టెన్నిస్ బంతితో పడగొట్టి, అవతలి జట్టు బంతితో కొట్టేలోపు మళ్ళీ పేర్చాలి. హైదరాబాద్‌లో దీన్నే లింగోచ్చ అంటారు. గట్టి రబ్బరు బంతి మాత్రం వద్దు, దగ్గర నుంచి తగిలితే వాచిపోతుంది.

ఇక్కడి నుంచి నేను ఆడే షటిల్ గురించే చెప్తాను.

3. రాకెట్, షటిల్, షూ

మొదటి రాకెట్‌కి వేలకు వేలు పెట్టనక్కర్లేదు. ఒకే ముక్కగా వచ్చే గ్రాఫైట్ రాకెట్ తీసుకోండి. హ్యాండిల్ పైన 3యు, 4యు, 5యు అని రాసి ఉంటుంది. 3యు అంటే 85 నుంచి 89 గ్రాములు, 4యు అంటే 80 నుంచి 84. కొత్తవాళ్ళకి 4యు హాయిగా ఉంటుంది, గంట ఆడినా భుజం లాగదు.

రాకెట్ కంటే గట్టింగ్, అంటే తీగల అల్లిక ముఖ్యం. కంపెనీ నుంచి వచ్చే తీగలు చాలావరకు వదులుగా ఉంటాయి. దుకాణంలో కోయించి కొత్తగా 22 నుంచి 24 పౌండ్ల టెన్షన్‌లో వేయించుకోండి. ఎక్కువ బిగిస్తే ఎక్కువ బలం వస్తుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకుని 28 వేయించాను. జరిగేది దానికి వ్యతిరేకం. తీగ బిగిసేకొద్దీ షటిల్‌ని ఎగరగొట్టే స్ప్రింగు గుణం తగ్గుతుంది, బలమంతా మన చేయే ఇవ్వాలి. పైగా సరిగ్గా మధ్యలో తగలకపోతే దెబ్బ చచ్చిపోతుంది. రెండు నెలలు మోచేయి నొప్పితో తిరిగాక 23కి దిగాను.

షటిల్ విషయంలో ఆరుబయట నైలాన్‌దే తీసుకోండి. ఈకల షటిల్ సిమెంటు మీద రెండు ఆటలకే చిరిగిపోతుంది. నైలాన్ షటిల్ మొదట్లో కార్కు చుట్టూ రంగు పట్టీ ఉంటుంది. ఆకుపచ్చ నెమ్మదైనది, నీలం మధ్యస్తం, ఎరుపు వేగమైనది. వేడిగా ఉన్న గాలి పలచబడుతుంది, షటిల్‌కి అడ్డు తగ్గి దూరం పోతుంది. అందుకే మన ఎండలకి ఆకుపచ్చ పట్టీ సరిపోతుంది. మా దగ్గర డిసెంబరు, జనవరి చలి పొద్దుల్లో మాత్రం నీలం బయటికి తీస్తాం. ఏ రంగో చూడకుండా కొని, అన్నీ గీత దాటి పడుతున్నాయని చేతిని అనుమానించేవాళ్ళు ఉంటారు. పట్టీ చూడండి ముందు.

షూ దగ్గర మాత్రం ఖర్చుకి వెనకాడకండి. పరుగుకి వాడే మందపాటి మెత్తటి షూతో పక్కలకి కదిలితే మడమ ఒరిగిపోతుంది. అలాగే ఒరిగి మూడు వారాలు కట్టు కట్టించుకుని కూర్చున్నాను. కింద చదునుగా, అంచులు గట్టిగా, నేలకి దగ్గరగా ఉండే బ్యాడ్మింటన్ షూ కొనుక్కోండి. చెమట ఎక్కువ పట్టే చేతులకి, హ్యాండిల్‌కి చుట్టే రబ్బరు గ్రిప్ కంటే టవల్ గ్రిప్ నయం.

4. కోర్టు గీసుకోవడం

ఈ పని శ్రద్ధగా చేస్తే ఆట రూపమే మారిపోతుంది. గీతలు లేని చోట ప్రతి పాయింటుకీ గొడవే.

పూర్తి కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. చుట్టూ కనీసం నాలుగైదు అడుగుల ఖాళీ ఉండాలి, గోడకి ఆనుకుని గీయకండి. ముందు నెట్టు వచ్చే చోట 20 అడుగుల గీత గీయండి. దాని రెండు కొసల నుంచి అటు 22, ఇటు 22 అడుగులు కొలిచి నాలుగు మూలలూ సుద్దతో గుర్తు పెట్టండి. మూలలు మట్టంగా ఉన్నాయో లేదో కంటితో తెలియదు. టేపుతో మూల నుంచి ఎదురు మూలకి కొలవండి. 48 అడుగుల 4 అంగుళాలు రావాలి, రెండు వైపులా అంతే రావాలి. తేడా వస్తే మూల జరుపుకోండి. ఇది కుదిరాక మిగతావన్నీ సులువు.

నెట్టుకి 6 అడుగుల 6 అంగుళాల దూరంలో అటూ ఇటూ సర్వీసు గీత. అక్కడి నుంచి వెనక గీత దాకా నడిమి గీత. వెనక గీతకి 2 అడుగుల 6 అంగుళాల లోపల డబుల్స్ సర్వీసు గీత. పక్కల్లో ఒక్కో వైపు అడుగున్నర లోపల సింగిల్స్ గీత. నెట్టు స్తంభాల దగ్గర 5 అడుగుల 1 అంగుళం, మధ్యలో 5 అడుగులు. మధ్యలో కొలవకుండా వదిలేస్తే నెట్టు వేలాడి నాలుగున్నరకి దిగుతుంది, అందరూ పై నుంచి కిందికి బాదే స్మాష్ వీరులైపోతారు. మట్టి నేలైతే ముగ్గుపిండి చాలు. సిమెంటైతే వారం రోజులు సుద్ద గీతల మీద ఆడి, అంతా బాగుందనుకున్నాకే అసోసియేషన్ వాళ్ళని అడిగి పెయింటు వేయండి.

గాలి ఉన్న రోజుకి ఒక చిట్కా. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య 2019లో ఆరుబయటి ఆట కోసం ఎయిర్ బ్యాడ్మింటన్ తెచ్చింది. అందులో నెట్టుకి 2 మీటర్ల లోపు షటిల్ పడితే పాయింటు పోయినట్టే. దానివల్ల గాలిని అడ్డం పెట్టుకుని నెట్టు పక్కన జారవిడిచే ఆట ఆగిపోతుంది. మీకు మామూలు షటిలే ఉన్నా ఈ నియమం అరువు తెచ్చుకోండి. సర్వీసు గీత ఇంచుమించు అంతే దూరంలో ఉంటుంది కాబట్టి కొత్త గీత కూడా అక్కర్లేదు. ఎనిమిది పాయింట్ల దగ్గర వైపులు మార్చుకోండి, గాలి ఇద్దరికీ సమానమవుతుంది.

5. మొదటి నెల ఏం చేయాలి

రాకెట్‌ని కరచాలనం చేసినట్టు పట్టుకోండి. కొత్తవాళ్ళలో ఎక్కువమంది అట్లకాడ పట్టుకున్నట్టు పట్టుకుంటారు. అలా పడితే ముందుకి నెట్టడం తప్ప ఇంకేమీ చేయలేరు, మణికట్టు తిరగదు. మొదటి రెండు వారాలు స్మాష్ జోలికి పోకుండా, వెనక నుంచి వెనక్కి ఎత్తుగా కొట్టే క్లియర్ ఒక్కటే సాధన చేయండి. ఆట ముందు ఐదు నిమిషాలు భుజాలు తిప్పి, మోకాళ్ళు వంచి, ఆ తర్వాత మెల్లగా క్లియర్లు కొట్టుకుంటే శరీరం వేడెక్కుతుంది. నలభై దాటిన వాళ్ళు ఇది ఒక్కరోజు కూడా మానొద్దు.

మనుషుల్ని కలుపుకోవడం రాకెట్ కొన్నంత తేలిక కాదు. మా దగ్గర బాగా ఆడేవాళ్ళలో ఒకరిని, ఇప్పుడే నేర్చుకుంటున్న వాళ్ళలో ఒకరిని జంట చేస్తాం. గెలిచిన జంట వరసగా రెండు ఆటలే ఆడాలి, తర్వాత దిగాలి. మూడో అంతస్తులో ఉండే బాబాయిగారికి అరవై అయిదేళ్ళు, ఆయన వైపు నెట్టు పక్కన మెల్లగా జారవిడిచే డ్రాప్ వేయకూడదన్నది ఎవరూ రాసుకోని ఒప్పందం. ఆయన లేని పొద్దు ఆట చప్పగా ఉంటుంది.

6. తెర మీద ఆటకి ఏం కావాలి

గేమింగ్ కోసమే కొత్త కంప్యూటర్ కొనకండి. ఆఫీసు పనికి వాడే 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా, నడిచే మంచి గేమ్‌లు ఏళ్ళకి సరిపడా ఉన్నాయి. స్టార్డ్యూ వ్యాలీ (2016) ఒకే ఒక్క మనిషి ఎరిక్ బరోన్ తయారుచేసింది. సెలెస్ట్ (2018) కొండ ఎక్కే ఆట, చాలా కష్టం, కానీ అసిస్ట్ మోడ్‌లో ఆట వేగాన్నే తగ్గించుకోవచ్చు. హాలో నైట్ (2017) కత్తితో పోరాడే ఆట, ఓపిక ఉన్నవాళ్ళకి. మన పురాణాల రుచి కావాలంటే పుణె జట్టు చేసిన రాజీ (2020) చూడండి, అది మాత్రం మీ లాప్‌టాప్‌లో నడుస్తుందో లేదో ముందు చూసుకోండి. రాకెట్ లీగ్ 2020 నుంచి ఉచితం. చిన్న లాప్‌టాప్‌లో సెట్టింగులు బాగా తగ్గించి ఆడుకోవాలి.

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న గేమ్ మీ లాప్‌టాప్‌లో నడవకపోతే, కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి అడగొచ్చు. కాబట్టి కొన్న రాత్రే మొదటి గంటలో పరీక్షించండి. కొని మూలన పడేయకండి. తొందర లేనివాళ్ళు జూన్ చివర్లోనూ డిసెంబరు చివర్లోనూ వచ్చే పెద్ద సేల్ దాకా ఆగండి. ఎపిక్ స్టోర్‌లో ప్రతి వారం ఏదో ఒక గేమ్ ఉచితంగా ఇస్తారు, అది కూడా చూస్తూ ఉండండి.

కంట్రోలర్ ఒకటి కొనండి, వైరుదైనా చాలు. కీబోర్డు మీద వంగి కూర్చునే బదులు వెనక్కి ఆనుకుని ఆడొచ్చు. పొద్దున్న ఆడిన భుజానికి అది అవసరం.

టీవీకి తగిలించేవాళ్ళు తప్పనిసరిగా టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. మామూలుగా టీవీ ప్రతి బొమ్మనీ మెరుగులు దిద్ది చూపిస్తుంది, ఆ దిద్దుబాటుకి పట్టే సమయం వల్ల బటన్ నొక్కాక ఆలస్యంగా కదిలినట్టు ఉంటుంది. తెర మీద మారే ఒక్కో బొమ్మని ఫ్రేము అంటారు, సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి సుమారు 17 మిల్లీసెకన్లు. అలాంటివి ఐదారు ఆలస్యమైనా చేతికి తెలిసిపోతుంది. ఆట తడబడుతుంటే ముందు నీడల నాణ్యత తగ్గించండి, చాలకపోతే రిజల్యూషన్ తగ్గించండి. అందమైన బొమ్మ ముప్పై ఫ్రేముల్లో తడబడడం కంటే, సాదా బొమ్మ అరవైలో నిలకడగా ఉండడం మేలు. గిర్రున తిరిగే ఆటల్లో కళ్ళు తిరిగినట్టుంటే కెమెరా కుదుపుని ఆపేయండి. ప్రతి ఇరవై నిమిషాలకీ ఇరవై సెకన్లు దూరంగా చూడండి. మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడతాను.

ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు బూతులు రాస్తారు. మొదటి రోజే చాట్ ఆపేయండి, ఆట ఏమీ తగ్గదు. ఖాతాకి కార్డు జోడించి వదిలేయకండి. డబ్బు పందెం యాప్‌లని ఈ లెక్కలో కలపొద్దు. 2025లో కేంద్రం చట్టంతో వాటిని నిషేధించింది.

7. రెండు ఆటలనీ కలపడం

ముందు చెప్తానన్న సంగతి ఇది. రాకెట్ లీగ్‌లో ఇద్దరిద్దరు జట్లుగా కార్లతో బంతిని గోలులోకి కొట్టాలి. మొదటి వారం నేనూ నా జతగాడూ ఇద్దరం బంతి వెంటే పరిగెత్తేవాళ్ళం, ఒకరినొకరు గుద్దుకునేవాళ్ళం, వెనక గోలు ఖాళీ. తర్వాత తెలిసింది: కొట్టినవాడు వెంటనే పక్క నుంచి వెనక్కి తిరగాలి, వెనకున్నవాడు ముందుకి రావాలి. దీన్ని రొటేషన్ అంటారు. కొట్టాక బంతి ఏమైందా అని చూస్తూ నిలబడితే జట్టు మునిగినట్టే.

షటిల్ డబుల్స్‌లో నేను చేసే తప్పు సరిగ్గా అదే. వెనక నుంచి స్మాష్ కొట్టి, పడిందా లేదా అని చూస్తూ అక్కడే నిలబడేవాణ్ణి. నియమం తెలియక కాదు, నోటికి వచ్చు: దాడి చేస్తున్నప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక, షటిల్‌ని పైకి ఎత్తిచ్చినప్పుడు ఇద్దరూ పక్కపక్కన. కాళ్ళకే రాలేదు. వీడియో గేమ్‌లో గోలు పడగానే ఆ ఘట్టాన్ని మళ్ళీ చూపిస్తారు, నేను వదిలేసిన ఖాళీ నా కళ్ళ ముందే ఉంటుంది. అది వందసార్లు చూశాక పొద్దున్న కోర్టులో కూడా ఆ ఖాళీ కనిపించడం మొదలైంది.

దీన్ని మీరూ సాధన చేయొచ్చు. రాత్రి ఆడే మూడు మ్యాచ్‌లలో ఒకదాంట్లో గోలు సంగతి వదిలేసి, కొట్టిన ప్రతిసారీ వెనక్కి వచ్చామా లేదా అన్నదొక్కటే గమనించండి. పొద్దున్న కోర్టులో అదే పని, కొట్టిన వెంటనే రెండడుగులు మధ్యకి. నడిమిలోకి వచ్చిన షటిల్‌కి “నాది” అని గట్టిగా అరవండి. ఎవరూ అరవకపోతే ఇద్దరూ వదిలేస్తారు, లేదా రెండు రాకెట్లూ ఢీకొంటాయి.

షటిల్ నుంచి తెరకి వచ్చింది కూడా ఉంది. కోర్టులో ఎదుటివాడి రాకెట్ ముఖం ఎటు తిరిగిందో చూసి కదులుతాం, షటిల్ బయల్దేరాక కదిలితే అందదు. హాలో నైట్‌లో పెద్ద శత్రువులతో తలపడినప్పుడు కూడా కత్తిని చూడకుండా, కత్తి ఎత్తే ముందు వాడు భుజం ఎలా వంచుతాడో చూడడం మొదలుపెట్టాక గెలవగలిగాను.

8. వానల రోజులు

అక్టోబరు, నవంబరుల్లో మా తీరానికి వానలు, తుఫాన్లు. సిమెంటు మీద నాచు పడుతుంది. బ్లీచింగ్ పొడి చల్లి రుద్ది కడిగి, పూర్తిగా ఆరాకే ఆడండి. తడి మీద ఒక్క ఆటే కదా అనుకోవద్దు. రాకెట్లని తడి సంచిలో ఉంచకండి. టవల్ గ్రిప్ విప్పి ఆరేయండి, లేకపోతే బూజు వాసన పోదు. రెండు నెలలు ఆడకపోతే గట్టింగ్ కూడా వదులవుతుంది, వానలు తగ్గాక వేయించుకుంటే సరి, ముందే వేయించి దాచుకోవద్దు.

ఆ పొద్దుల్లో బయటికి వెళ్ళలేని మా పదేళ్ళ బాబు నా పక్కన చేరతాడు. రాకెట్ లీగ్‌లో టీవీని రెండు సగాలుగా చేసుకుని ఇద్దరం ఒకే జట్టుగా ఆడొచ్చు, రెండో కంట్రోలర్ ఉంటే చాలు. మొన్న తుఫాను రోజు కరెంటు పోయేలోపు నాలుగు మ్యాచ్‌లు ఆడాం. వాడికి రొటేషన్ అనే మాట తెలియదు. షటిల్ కోర్టు గట్టు మీద కూర్చుని విన్న మాటే వాడతాడు. బంతి వాడి వైపు వచ్చినప్పుడల్లా “నాది నాన్నా, నువ్వు వెనక్కెళ్ళు” అని అరుస్తాడు. నేను వెనక్కి వెళ్తాను.